రిమార్కుల గడి

తొమ్మిదికి రెండు నిమిషాలుండగా ఆమె డాబా మీది, గాలిలో దుమ్ము కొలిచే మిషను ఆపింది. ఇరవై నాలుగు గంటలుగా రొద పెడుతున్నది ఆగేసరికి డాబా ఉన్నట్టుండి పెద్దదైనట్టు అనిపించింది. కింద గేటు దగ్గర ఇస్త్రీ అక్క తడి గుడ్డ దులిపిన చప్పుడు మూడంతస్తులూ ఎక్కి వచ్చింది.

“నీ సవతి నోరు మూసుకుందా?” గదిలోంచి అత్తగారు అడిగింది.

“రెండు నిమిషాలే అత్తయ్యా. మళ్ళీ మొదలెడుతుంది.”

“ఆ రెండు నిమిషాల్లోనే మీ మామయ్యని తలుచుకోవాలి నేను. తర్వాత నేనెవర్ని తలుచుకుంటున్నానో నాకే వినపడదు.”

ఆమె నవ్వుకుంటూ చేతులకు పల్చటి తొడుగులు వేసుకుంది. ఇంటికప్పులా రెండు వైపులకీ వాలుగా ఉన్న రేకు మూత ఎత్తి కొక్కెం తగిలించింది. నాలుగు మూలలా ఉన్న మరలు ఎదురెదురువి జంటగా వదులు చేసింది. ఒకవైపువి ముందు వదిలిస్తే కాగితం పైకి లేచి చిరుగుతుంది. ప్లాస్టిక్ పట్టకారుతో అంచు పట్టుకుని కాగితం లేపింది. నిన్న పెట్టినప్పుడు తెల్లగా ఉన్నది, ఇవాళ పెనం అడుగులా ఉంది. చట్రం నొక్కిన చోట మాత్రం చుట్టూ వేలెడు వెడల్పున తెలుపు మిగిలింది. మసి లోపలికి వచ్చేలా మధ్యకి మడిచి, కవరులో పెట్టి, కవరు మీద నంబరు రాసింది. కొత్త కాగితం గరుకు వైపు పైకి ఉండేలా పరిచి, మరలు బిగించి, మూత వేసి, మీట నొక్కింది. రొద మొదలైంది. గదిలో అత్తగారు ఏదో అన్నది గానీ వినపడలేదు.

పిట్టగోడ మీద రిజిస్టరు పెట్టుకుని గడులు నింపసాగింది. తేదీ, ఆపిన టైము, మొదలెట్టిన టైము, గాలి లాగిన లెక్క, ఎండా మబ్బా. చివరిది రిమార్కుల గడి. రెండేళ్ళ కిందట మిషను పెట్టించడానికి వచ్చిన లాబు సారు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్న పెద్దాయన, ఆ గడి మీద వేలు పెట్టి మరీ చెప్పాడు. “చుట్టూ యాభై మీటర్లలో పొగ వచ్చేది ఏదుంటే అది రాయాలమ్మా. కనపడింది రాయి. అనుకున్నది రాయకు.”

ఆమె కిందకి తొంగి చూసింది. ఇస్త్రీ అక్క బండి పక్కన గొంతుక్కూర్చుని, అట్ట ముక్కతో పొయ్యి విసురుతోంది. ట్యాంకరు వచ్చి రోడ్డు తడిపి వెళ్ళినట్టుంది, బొగ్గులు ఓ పట్టాన అంటుకోవడం లేదు. ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘గేటు దగ్గర ఇస్త్రీ బండి. బొగ్గుల పొయ్యి ఉన్నది.’ రెండేళ్ళుగా రాస్తున్న మాటే. అలవాటుగా తలెత్తి చూసింది. రైలు పట్టాల అవతల ఇనుము కరిగించే ఫ్యాక్టరీ మూడు గొట్టాలూ, ఎర్ర మట్టి రంగు పొగని వార్డు ఆఫీసు వైపే వంచి ఉన్నాయి. అవి యాభై మీటర్లలో లేవు. వాటిని ఎప్పుడూ రాయలేదు.

వార్డు ఆఫీసుకి ఆమె భర్త వాచ్‌మన్. డాబా మీది గది ఆయన ఉద్యోగంతో వచ్చింది. మిషను ఆ గదితో వచ్చింది. మిషను వచ్చాక డాబా మీద చాప దులపకూడదు, తొమ్మిదిలోపు ఊడవకూడదు, కట్టెల పొయ్యి మాట ఎత్తకూడదు. ఈ పనికి ఆమెకి నెలకింత అని ఇస్తారు. ఆఫీసులో ఆమెకి పేపరమ్మ అని పేరు పడిపోయింది.

ఆ రోజే పదకొండింటికి, నగరంలో ఇలాంటి మిషన్లన్నీ చూసే ఇంజినీరు గారు వచ్చారు. మెట్లెక్కి ఆయాసపడుతూ, ఒక చేత్తో పిట్టగోడ పట్టుకుని మరో చేత్తో మంచినీళ్ళు తాగారు. రిజిస్టరు తిరగేసి, “నగరంలో నాలుగు సెంటర్లున్నాయమ్మా. మిగతా మూడు చోట్లా చూడాలి నువ్వు, కోడి గీసినట్టుంటాయి. రిమార్కులంటే ఇదీ,” అన్నారు. పేజీ పేజీకీ ఫోనుతో ఫొటో తీసుకున్నారు. ఆమె పక్కన నిలబడి పేజీ ఎగరకుండా రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుంది.

“మా కోడలు చిన్నప్పట్నుంచీ అంతే బాబూ. చాకలి పద్దు రాసినా చూడముచ్చటగా ఉంటుంది,” అంది గుమ్మంలోంచి అత్తగారు.

“అలాంటి వాళ్ళే కావాలండీ మాకు,” అన్నారు ఇంజినీరు గారు.

ఆ సాయంత్రం ఆమె రిజిస్టరుకి కొత్త అట్ట వేసుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం కింద నుంచి ఇస్త్రీ అక్క కేక వేసింది. “ఏమ్మా పేపరమ్మా, ఓసారి దిగిరా! చదువుకున్నదానివి కదా, పని పడింది!”

ఆమె కొంగు దోపుకుని దిగింది. అక్క ఎవరిదో తెల్ల చొక్కా పరిచి నీళ్ళు చిలకరిస్తోంది. బండి మీద ఒక వైపు ఇస్త్రీకి వచ్చిన మూటలు, రెండో వైపు మడతల దొంతర. దొంతర మీద బరువుగా పెట్టిన రాయి కింద ఓ కాగితం.

“ఇందాక బంట్రోతు తెచ్చిచ్చి వేలిముద్ర వేయించుకుపోయాడు. ఏం రాశారో చదువు.”

ఆమె కాగితం తీసి, ముందు గబగబా కళ్ళతో చదివింది. అక్క ఇస్త్రీపెట్టె మూత ఎత్తి నిప్పులు కదిపి, అరచేయి దగ్గర పెట్టి వేడి చూసుకుంది.

“బయటికి చదువమ్మా. నాకు కళ్ళతో వినపడదు.”

“వాయు నాణ్యతా పర్యవేక్షణ కేంద్రమునకు యాభై మీటర్ల పరిధిలో బొగ్గు, కట్టె మున్నగు వాటిని మండించుట నిషేధించడమైనది...”

“తెలుగులో చెప్పు.”

“మిషను చుట్టుపక్కల పొయ్యి పెట్టకూడదంటున్నారు.”

“ఆ తర్వాత?”

ఆ తర్వాతి లైను మీద ఆమె కళ్ళు ఆగిపోయాయి. ‘కేంద్ర నిర్వాహకురాలు తన రిజిస్టరులో ప్రతి దినము నమోదు చేసిన వివరములను బట్టి, సదరు కేంద్రములో కాలుష్యము అధికముగా కనబడుటకు మీ బండి నుండి వెలువడు పొగయే కారణమని నిర్ధారణ అయినది.’ కాగితం మీద తన పేరు లేదు. పేరు ఉండాల్సిన అవసరం కూడా లేదు. ఆ మిషనుకి నిర్వాహకురాలు ఈ వీధిలో ఇంకెవరున్నారు?

“కావున మూడు దినములలోగా బండిని తొలగించవలెను. లేనిచో స్వాధీనము చేసుకొనబడును,” అని ఆమె చివరి వాక్యం చదివేసింది.

“అంతేనా?”

“అంతే అక్కా.”

అక్క ఇస్త్రీపెట్టె చొక్కా కాలరు మీద పెట్టి, ఒక మూల నుంచి మధ్యకి, మళ్ళీ రెండో మూల నుంచి మధ్యకి తోసింది. “పదహారేళ్ళు ఇక్కడే నిలబడ్డాను. మీ ఆఫీసుకి గేటు లేనప్పుడు కూడా బండి ఉంది,” అంది. “కరెంటు పెట్టె పెట్టుకోమన్నాడు బంట్రోతు. తీగ ఎక్కణ్ణుంచి లాక్కోమంటాడో, వాడి చెవిలోంచా?”

ఆమె కాగితం యథాప్రకారం రాయి కింద పెట్టి మెట్లెక్కింది.

సాయంత్రం భర్త బూట్లు విప్పుతుంటే చెప్పింది. ఆయన ఒక బూటు చేత్తో పట్టుకునే విన్నాడు.

“నువ్వు రాసింది అబద్ధమా?”

“కాదు.”

“మరింకేం? ఉన్నది రాశావు. వాళ్ళు చేసేది వాళ్ళు చేస్తారు.”

“ఆ నల్లటి కాగితం అంతా ఆ పిడికెడు బొగ్గుల వల్లేనా?”

“నీకూ నాకూ తెలిసి ఏం లాభం? మనం ఉంటున్నది వాళ్ళ నెత్తి మీద. వాళ్ళు తల విదిలిస్తే ఎక్కడ పడతామో చూసుకో.” బూటు మంచం కిందకి తోసి, గొంతు తగ్గించి అన్నాడు. “అమ్మ ముందు ఇవన్నీ మాట్లాడకు.”

“నాకు వినపడదులే,” అంది వంటగదిలోంచి అత్తగారు. “మాట్లాడుకోండి.”

వంట అయ్యాక ఆమె ట్రంకు పెట్టెలోంచి పాత రిజిస్టర్లు తీసి, ఇప్పటిదాంతో కలిపి ముందేసుకుంది. ఏం వెతుకుతోందో తనకే సరిగ్గా తెలియలేదు. పేజీకి ఇరవై లైన్లు, లైనుకో ఇస్త్రీ బండి. చూస్తుంటే ఒకే మాట మీద వెయ్యిసార్లు ప్రమాణం చేసినట్టుంది. పోయిన నెల పేజీలో వేలు ఆగింది. వరసగా పది గడులు ఖాళీగా ఉన్నాయి. అక్క పెద్దకూతురి పురుడు. బండి ఇంటికి తోసుకుపోయి, గోనెపట్టా కప్పి, తాడు బిగించి, పది రోజులు ఊళ్ళో లేదు. పొయ్యి లేదు కాబట్టి తను ఏమీ రాయలేదు. ఆ పది రోజుల కాగితాలు ఆమెకి బాగా గుర్తున్నాయి. అందులో ఒకటి మరీ నల్లగా వస్తే అత్తగారికి చూపించింది కూడా.

మర్నాడు కాగితం మార్చి, రిజిస్టరు సంచీలో పెట్టుకుని రెండు బస్సులు మారి ఇంజినీరు గారి ఆఫీసుకి వెళ్ళింది. ఆయన టేబులు మీద ఎత్తుగా ఫైళ్ళు, ఫైళ్ళ మీద దగ్గు మందు సీసా. ఆమెని చూసి ఆశ్చర్యపోయి, కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. రిజిస్టరు తెరిచి ఆ పది గడుల మీద వేలు పెట్టింది.

“సార్, ఈ పది రోజులు ఇస్త్రీ బండి లేదు. పొయ్యి వెలగలేదు. ఆ రోజుల లెక్క ఎంతొచ్చిందో ఒక్కసారి చూడండి సార్.”

ఆయన కంప్యూటరు వైపు తిరిగారు. చాలాసేపు చూశారు. ఒక తేదీ దగ్గర కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. ఆయన ముఖం చూస్తుంటే ఆమెకి గుండెలో ఎక్కడో చిన్న ఆశ కదిలింది.

“నెల మొత్తానికీ ఎక్కువ వచ్చింది ఈ పది రోజుల్లోనే,” అన్నారు నెమ్మదిగా.

“అదే సార్. అంటే బండి వల్ల కాదు.”

ఆయన రిజిస్టరు తన వైపు తిప్పుకున్నారు. “మంచి పని చేశావమ్మా ముందే తెచ్చి. ఆడిట్లో వాళ్ళ కంట పడితే నా పని అయిపోయేది. ఇవెందుకు ఖాళీగా వదిలావు?”

“ఏమీ లేదు కాబట్టి సార్.”

“గడి ఖాళీగా ఉండకూడదు. మిగతా రోజుల్లో ఏం రాశావో అదే రాసెయ్. అదే పెన్నుతో రాయి, ఇంకు తేడా వస్తుంది. రేపు అటు వస్తాను, చూస్తాను.”

ఆమె నిలబడే ఉంది. ఆయన విసుక్కోలేదు. కిటికీ వైపు చూస్తూ, ఆమెతో కాక ఇంకెవరితోనో చెబుతున్నట్టు అన్నారు. “నాకు మూడు నెలలిచ్చారమ్మా. మూడు నెలల్లో నగరం లెక్క కిందకి రావాలి. పొయ్యిలు తీయించగలను. రోడ్డు తడిపించగలను. ఆ గొట్టాల దగ్గర వాళ్ళ మిషను వాళ్ళకుంది, వాళ్ళ లెక్క వాళ్ళే పంపుతారు. అక్కడి దాకా నా చెయ్యి అందదు. నా చేతికి అందేది మీ డాబా ఒక్కటే.” దగ్గు మందు సీసా మూత తిప్పి, తాగకుండానే మళ్ళీ బిగించారు. “ఆవిడకి ఇంకో వీధి చూసుకోమని చెప్పు. ఎక్కడైనా బట్టలు నలుగుతాయి కదా.”

తిరుగు బస్సులో ఆమెకి సీటు దొరకలేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో సంచీని పొట్టకి అదుముకుని నిలబడింది. ఎవరో కాస్త జరగమన్నారు. జరగడానికి చోటు లేదు.

గేటు దగ్గర దిగేసరికి అక్క మూటలు విడివిడిగా సర్దుతోంది, ఎవరివి వాళ్ళకి ఇచ్చేయడానికి. ఇస్త్రీపెట్టె చల్లారబెట్టి, బూడిద కాలవ పక్కన పోసింది.

“రేపొక్క రోజే ఉంది,” అంది అక్క. “మార్కెట్టు వెనక చూశాను. అక్కడ ఆల్రెడీ ఇద్దరున్నారు. మూడోదాన్ని కన్నెత్తి చూడనిస్తారా?”

“అక్కా, నిన్న నోటీసులో ఒక లైను చదవకుండా వదిలేశాను.”

“ఎరుగుదును.”

ఆమె తలెత్తింది. అక్క ఒక మూట ముడి పళ్ళతో బిగిస్తోంది. ముడి పడ్డాక అంది.

“బంట్రోతు ఊరుకుంటాడా? వేలిముద్ర వేయించుకుంటూనే చెప్పాడు. పైనున్నావిడే రోజూ రాసిచ్చింది, మమ్మల్ని తిట్టుకోకు అన్నాడు.”

“మరి నన్నెందుకు చదవమన్నావు?”

“నువ్వు చదువుతావేమోనని.”

రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళింది. దాని దుమ్ము తగ్గేదాకా ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. ఇంకో మూట అందుకుంటూ అక్క అంది. “నువ్వు రాశావని కాదు నా బాధ. పొయ్యి ఉంది, రాశావు. దాన్ని చీర కొంగున దాచుకుని తిరుగుతానా నేను? చదవలేదు చూడూ, అది.”

ఆమె కింద పడ్డ తాడు తీసి అక్క చేతికిచ్చింది. అక్క తీసుకుంది.

మర్నాడు తొమ్మిదింటికి కాగితం మార్చాక ఆమె డాబా మీదే, మిషను పక్కన, నీడ ఉన్న చోట కూర్చుంది. ఒళ్ళో రిజిస్టరు, చేతిలో అదే నీలం పెన్ను. అత్తగారు వచ్చి గుమ్మంలో పీట వేసుకుంది. రొదలో మాటలు వినపడవని, వంగి కోడలి భుజం మీదుగా చూసింది. ఆమె మొదటి గడిలో రాసింది: ‘గేటు దగ్గర ఇస్త్రీ బండి లేదు. పొయ్యి లేదు.’ రెండో గడిలో అదే. మూడో గడిలో అదే. తొందరపడలేదు. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చాయి. పదోది అయ్యాక, గడి కింద కాస్త జాగా మిగిలితే, ‘నిర్వాహకురాలు స్వయముగా చూసినది’ అని రాసి సంతకం పెట్టింది.

ఇంజినీరు గారు పన్నెండింటికి వచ్చారు. నీళ్ళు తాగి, రిజిస్టరు తెరిచి, పది గడులూ పై నుంచి కిందకి చదివారు. మళ్ళీ కింద నుంచి పైకి చదివారు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. భర్త మెట్ల మీదే ఆగిపోయి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“ఖాళీ ఉంచకూడదన్నారు కదా సార్,” అంది ఆమె.

ఇంజినీరు గారు కోప్పడి ఉంటే బాగుండేదని ఆమెకి తర్వాత అనిపించింది. ఆయన రిజిస్టరు మూసి, దాని మీద అరచేయి ఆనించి, మిషను వైపు చూశారు, దాని మూత వైపు, దాని వెనకాల పట్టాల అవతల గొట్టాల వైపు. తర్వాత రిజిస్టరు చంకలో పెట్టుకుని మెట్లు దిగిపోయారు.

ఆ సాయంత్రం అక్క బండి తోసుకుంటూ మార్కెట్టు వైపు వెళ్ళిపోయింది. బండి చక్రం ఒకటి వంకర. వీధి చివర మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు వినపడుతూనే ఉంది.

రెండు రోజులు కాగితాలు ఎప్పటిలాగే నల్లగా వచ్చాయి. రిజిస్టరు లేదు కాబట్టి ఆమె తెల్ల కాగితం మీదే గీతలు గీసి గడులు చేసుకుని రాసింది. మూడో రోజు పొద్దున్నే ఇద్దరు మనుషులు పెద్ద తాళ్ళతో, స్పానర్లతో వచ్చారు. వాళ్ళ వెనక ఇంజినీరు గారు.

“ఈ సెంటరులో చాలా ఇబ్బందులున్నాయని రిపోర్టు పెట్టానమ్మా,” అన్నారు. “మిషను జలాశయం దగ్గర పార్కుకి మారుస్తున్నాం. అక్కడ చుట్టూ చెట్లు. ఏ గొడవా ఉండదు.”

“మరి ఇస్త్రీ బండి సార్?”

“మిషనే లేనప్పుడు నోటీసుకేం పని? రమ్మను. పది పొయ్యిలు పెట్టుకోమను.” ఆయన గొంతులో వెటకారం లేదు. అలసట ఉంది. “నువ్వు అడిగింది అదే కదా.”

అత్తగారు పీట మీద నుంచే అడిగింది. “మిషనుని పార్కుకి పంపిస్తున్నారు సరే. మమ్మల్ని ఎప్పుడు పంపిస్తారు బాబూ?”

ఇంజినీరు గారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

మనుషులు నాలుగు బోల్టులు విప్పి, మిషనుకి తాడు కట్టి, పిట్టగోడ మీదుగా కిందకి దించారు. అంత రొద పెట్టిన వస్తువు తాడుకి వేలాడుతుంటే వంటింట్లో గిన్నెల బీరువా అంత కూడా లేదు. ఆమె కొత్త కాగితాల పెట్టె, పట్టకారు, మిగిలిన తొడుగులు ఒక సంచీలో వేసి అప్పగించింది. భర్త గేటు తీసి పట్టుకున్నాడు. వ్యాను వెళ్ళిపోయాక పైకొచ్చి, కాసేపు డాబా అంతా కలియతిరిగి, “పోనీలే, ఇంక చాపలు దులుపుకోవచ్చు,” అన్నాడు. నెల జీతం మాట ఇద్దరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం ఆమే మార్కెట్టు వెనక్కి వెళ్ళి చెప్పింది. అక్క బండి అక్కడ రెండు బళ్ళకి అవతల, చెత్తకుండీని ఆనుకుని ఉంది. ఒక్క మూట కూడా లేదు. అక్క విని, బండి కింద రాళ్ళు తీసేసింది. “వంకర చక్రం వైపు నువ్వు తొయ్యి,” అంది. ఇద్దరూ కలిసి తోసుకుంటూ వచ్చారు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆమెకి చేతులు ఊరుకోలేదు. గిన్నెలు ఒకసారి కడిగినవే మళ్ళీ కడిగింది. డాబా అంతా అలికిడి లేకుండా ఉంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే గాలి కిటికీ ఊచల మీద ఎప్పటిలాగే ఎర్రటి నుసి పరిచింది. కింద అక్క పొయ్యి ముట్టిస్తోంది. మార్కెట్టు వెనక చెత్తకుండీ పక్కన ఉన్నప్పుడే బొగ్గుల సంచీ తడిసినట్టుంది. అట్టముక్కతో విసిరేకొద్దీ మంట రాలేదు గానీ తెల్లటి పొగ లావుగా లేచి, గోడ వెంబడి పాకి, మూడంతస్తులూ ఎక్కి తిన్నగా గదిలోకి వచ్చింది. మంచం మీద అత్తగారికి దగ్గు మొదలైంది. ఒకటి కాదు రెండు కాదు, తెరలు తెరలుగా. ఆవిడ ఒక చేత్తో మంచం పట్టె పట్టుకుని, రెండో చేత్తో కిటికీ వైపు చూపించింది.

ఆమె పరుగున వెళ్ళి కిటికీ ఒక రెక్క మూసింది. రెండో రెక్క మీద చెయ్యి వేసేసరికి, కింద అక్క తలెత్తి ఇటే చూస్తోంది. అట్టముక్క నుదుటికి అడ్డం పెట్టుకుని కళ్ళు చికిలించుకుంది.

“ఏమ్మా, పైకి పొగ వస్తోందా?”

వెనక మంచం మీద దగ్గు ఆగలేదు. ఆమె రెక్కని సగంలోనే ఆపి, తల బయటికి పెట్టింది. పొగ కళ్ళలోకి వచ్చింది.

“లేదక్కా,” అంది.